పెరటి చెట్టు వైద్యం

సెమాంటిక్ వెబ్ సదస్సుకు పరిశోధన పత్రం పంపడం ఆ సదస్సు వెలువరించే ప్రకటనతో మొదలవుతుంది. ఈ రంగంలో పెద్ద సదస్సు ఐఎస్‌డబ్ల్యూసీ. అది 2002లో ఇటలీలోని సార్డీనియా దీవిలో మొదలైంది. రెండేళ్లకు గ్రీసులోని క్రీట్ దీవిలో యూరప్ వారి ఈఎస్‌డబ్ల్యూసీ పుట్టింది. ప్రకటనలో అంశాల జాబితా ఎంత ఉదారంగా ఉంటుందో, పత్రం ఎలా కనిపించాలన్న షరతులు అంత బిగువుగా ఉంటాయి. స్ప్రింగర్ వారి ఎల్‌ఎన్‌సీఎస్ గ్రంథమాల పద్ధతి పాటించాలి. అచ్చు చట్రం 12.2 సెంటీమీటర్ల వెడల్పు, 19.3 సెంటీమీటర్ల ఎత్తు. అక్షరం 10 పాయింట్లు. నిడివి 15, 16 పేజీలకు అటూ ఇటూ. ఫైలు సాధారణంగా పీడీఎఫ్. గీత దాటిన పత్రాన్ని సమీక్షకుల దాకా పోనివ్వకుండా గుమ్మంలోనే తిప్పి పంపుతారు.

దీని మీద ఎవరైనా గొణిగితే పెద్దల జవాబు సిద్ధంగా ఉంటుంది: రూపం వట్టి వేషం, విషయమే ప్రాణం. ఈమధ్య ఆ జవాబుకు కొత్త తోక మొలిచింది. పెద్ద భాషా నమూనాలు పీడీఎఫ్‌లను గడగడా చదివేస్తున్నాయి కనుక ఇక గొణగడానికి కూడా ఏమీ మిగల్లేదట. ఈ మాట శాసనాలు చదివేవాళ్లు అంటే చెల్లుతుంది, వరి వంగడాల మీద పనిచేసేవాళ్లు అన్నా చెల్లుతుంది. సెమాంటిక్ వెబ్ వాళ్లు అంటే మాత్రం చెల్లదు. రూపం వట్టి వేషమే అయితే ఆ రంగానికి చేయడానికి పనే లేదు.

ఆ రంగం పని ఏమిటో 2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసిలా రాసిన వ్యాసం లోకానికి చాటింది. వెబ్ పేజీలోని మాటల అర్థం మనిషికి తెలుస్తుంది. యంత్రానికి అవి అక్షరాల వరస మాత్రమే. అందుచేత ఆ అర్థాన్ని యంత్రానికి అందే రూపంలో రాసిపెట్టాలి. కన్యాశుల్కం, రచయిత, గురజాడ అప్పారావు అని వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, ముక్క ముక్కకూ వెబ్‌లో ఒక చిరునామా ఇస్తే, ఆ నాటకాన్ని మరెవరో మరోచోట ప్రస్తావించినప్పుడు రెండూ ఒకటేనని యంత్రం పోల్చుకుంటుంది. ఇందుకోసం 1999లో ఆర్‌డీఎఫ్, 2004లో ఔల్, 2008లో స్పార్కల్ ప్రమాణాలుగా వచ్చాయి. ఇవన్నీ చెప్పేది రూపం గురించే. పాతికేళ్ల శ్రమ, వందల పీహెచ్‌డీలు, యూరప్ ప్రభుత్వాలు పోసిన డబ్బు, అన్నీ రూపం మీదే ఖర్చయ్యాయి. అదంతా చేసిన చేతులే తమ సొంత పత్రాల దగ్గరికి వచ్చేసరికి రూపందేముంది అంటాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతకు ఇంతకంటే చక్కని ఉదాహరణ వెతికినా దొరకదు.

ఈ పీడీఎఫ్‌కు ఎన్ని మార్కులు పడతాయో బయటివాళ్లు చెప్పనక్కర్లేదు. బెర్నర్స్-లీయే 2010లో బహిరంగ దత్తాంశాలకు అయిదు నక్షత్రాల కొలబద్ద ఇచ్చాడు. ఏ రూపంలోనైనా సరే, బహిరంగ లైసెన్సుతో వెబ్‌లో పెడితే ఒక నక్షత్రం. యంత్రం చదవగల పట్టికగా ఇస్తే రెండు. ఏ ఒక్క కంపెనీకీ చెందని ఫార్మాట్‌లో ఇస్తే మూడు. వస్తువులకు వెబ్ చిరునామాలిస్తే నాలుగు, ఇతరుల దత్తాంశాలతో ముడివేస్తే అయిదు. ఈ లెక్కన పీడీఎఫ్ ఒంటి నక్షత్రం సరుకు. చందా కట్టినవారికే తెరుచుకునే సంపుటంలో ఆ పత్రం ఉంటే, లైసెన్సు బహిరంగం కాదు కనుక, ఆ ఒక్కటీ రాదు. అయిదు నక్షత్రాల గొప్పతనాన్ని వర్ణించే పత్రాలు సున్నా నక్షత్రాల అల్మరాలో ఉంటాయి. చెప్పేవి శ్రీరంగనీతులన్న సామెతలో రెండో సగాన్ని ఇక్కడ పూరించనవసరం లేదు.

ప్రకటన తర్వాత గడువు. ఒకప్పుడు హవాయి దీవుల సమయం ప్రకారం రాత్రి 11:59 అనేవారు. ఇప్పుడు భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ ఇంకా మిగిలి ఉన్నంతవరకు అన్న లెక్క నడుస్తోంది. హైదరాబాదులో అది మర్నాడు సాయంత్రం 5:29 అవుతుంది. ఆ ముందు రాత్రి పరిశోధక విద్యార్థి చేసే జాగరణ వాదనకు పదును పెట్టడానికి అనుకుంటే పొరపాటు. పదహారో పేజీలోంచి పదిహేడులోకి జారిన మూడు వరుసలను వెనక్కి నెట్టడానికి. బొమ్మ చిన్నదవుతుంది, పట్టికలో అక్షరం చీమ తలకాయంత అవుతుంది, ప్రయోగం ఎలా చేశారో చెప్పే పేరా ఎగిరిపోతుంది. తెర మీద చదివే పత్రానికి కాగితం కొలత పెట్టడం వల్ల వచ్చిన తిప్పలివి. వెబ్‌లో పేజీకి అడుగు అంచు లేదు.

ఆపైన సమర్పణ. ఎక్కువగా ఈజీచైర్ అనే వ్యవస్థ ద్వారా జరుగుతుంది. పత్రం మొదటి పేజీలోనే శీర్షిక ఉంది, రచయితల పేర్లున్నాయి, సంగ్రహం ఉంది, కీలకపదాలున్నాయి. అయినా అవన్నీ మళ్లీ గళ్లలో నింపాలి. ఎందుకంటే ఆ ఫైలులో ఏది శీర్షికో ఏది సంస్థ పేరో యంత్రం భరోసాగా తేల్చుకోలేదు. యంత్రాలకు అర్థం నేర్పే శాస్త్రం తాలూకు గుమ్మం దగ్గర మనిషి గుమాస్తాగిరీ చేస్తాడు.

కథ అక్కడితో ఆగలేదు. 2006 సదస్సులతో మొదలుపెట్టి, తమ సభల వివరాలను ఆర్‌డీఎఫ్‌లో ఉంచుదామని సెమాంటిక్ వెబ్ డాగ్ ఫుడ్ అనే నిధిని కట్టారు. తాము చేసిన సరుకును తామే వాడటాన్ని సాఫ్ట్‌వేర్ లోకంలో ఆ పేరుతో పిలుస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ అందులోకి చేరింది ఎవరు రాశారు, ఏ సభలో చదివారు, ఏ సంస్థ వారన్న వివరాలే. పత్రంలో ఏం రుజువైంది, ఏ దత్తాంశం మీద, ఎవరి పాత ఫలితాన్ని కొట్టేస్తూ అన్నది పీడీఎఫ్ కడుపులోనే ఉండిపోయింది. విస్తరి వేసి, అన్నం మాత్రం వంటింట్లోనే ఉంచినట్టు. ఇంతకంటే విడ్డూరం తర్వాత జరిగింది. 2014 నుంచి ఈఎస్‌డబ్ల్యూసీలో సెమాంటిక్ పబ్లిషింగ్ చాలెంజ్ పేరుతో ఒక పోటీ పెట్టారు. 2015 పోటీలో ఒక అంశం, కార్యశాలల పత్రాల పీడీఎఫ్‌లలోంచి రచయితల సంస్థలు, నిధులిచ్చినవారు వంటి వివరాలను ప్రోగ్రాముతో వెలికితీయడం. ఆ వివరాలు రాసేటప్పుడు రచయితకు తెలుసు. తెలిసినదాన్ని యంత్రానికి అందకుండా పాతిపెట్టించి, తవ్వి తీసినవాడికి బహుమతి అన్నారు.

పీడీఎఫ్‌లో పాతిపెట్టడమంటే ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? అను ఫాంట్లతో కూర్చిన పాత పత్రిక పీడీఎఫ్ తెరిచి, ఒక పేరా ఎంచి, మరోచోట అతికిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాల పిచ్చిగీతలు దిగుతాయి. యూనికోడ్‌లో కూర్చిన ఫైళ్లలో కూడా ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట పడి, మాట విరిగిపోతుంది. ప్రభుత్వ ఉత్తర్వులైతే చాలాసార్లు స్కాన్ చేసిన కాగితం బొమ్మలే. వెతుకుదామంటే అక్షరమే ఉండదు. కంటికి నిండుగా కనిపించేది యంత్రం చేతికి పిండిగా రాలడం తెలుగు పాఠకుడికి రోజువారీ అనుభవం. 2011లో ప్రపంచ వెబ్ సదస్సు హైదరాబాదులో జరిగింది. అక్కడికి వచ్చిన విదేశీ పండితుల చేత ఒక్క తెలుగు పీడీఎఫ్ నుంచి ఒక్క వాక్యం కాపీ చేయించి ఉంటే ఈ చర్చ అప్పుడే సగం తెగేది.

తర్వాతి మెట్టు సమీక్ష. బిగువైన అచ్చు నియమాల వల్ల ప్రమాణం నిలుస్తుందని ఒక వాదన ఉంది. అచ్చు చట్రానికీ విషయ నాణ్యతకూ ముడి ఎవరూ చూపలేదు. యంత్ర అభ్యసన సదస్సు నిప్స్ వారు 2014లో 166 పత్రాలను రెండు వేర్వేరు బృందాలకిచ్చి చూశారు. 43 పత్రాల మీద రెండు బృందాల తీర్పులు వేరుగా వచ్చాయి. ఆ పత్రాల అంచులన్నీ కొలత ప్రకారమే ఉన్నాయి. సమీక్షకుల దూరదృష్టికి ఇంకా పాత దృష్టాంతం కావాలంటే, 1991 డిసెంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో జరిగిన హైపర్‌టెక్స్ట్ సదస్సు ఉంది. వరల్డ్ వైడ్ వెబ్ మీద బెర్నర్స్-లీ, రాబర్ట్ కైయో పంపిన పత్రాన్ని అక్కడ తిరస్కరించి, ప్రదర్శనకు మాత్రం ఒక బల్ల ఇచ్చారు.

ఇక భాషా నమూనాల సంగతి. పీడీఎఫ్‌ను నమూనా చదువుతుందనడంలో చదవడం అన్న మాటకు అర్థం ఊహించడం. ఫలితాల పట్టికలో తలకట్టు రెండు వరుసలుగా ఉంటే, ఎవరి పద్ధతి అంకె ఎవరి కింద పడుతుందో నమ్మకం లేదు. పడ్డ చోట మాత్రం నమూనా ఎంతో ధీమాగా చెబుతుంది. ఇది తెలియనివాళ్లెవరైనా ఉంటే క్షమించవచ్చు. కానీ భాషా నమూనాలు లేనివి కల్పిస్తాయి, వాటిని నిజానికి కట్టిపడేయడానికి నాలెడ్జ్ గ్రాఫ్‌లు కావాలి అంటూ ఇప్పుడు పత్రాల మీద పత్రాలు రాస్తున్నది ఈ రంగమే. పత్రం లోపల నమూనాను నమ్మవద్దంటారు. ఆ పత్రాన్నే చదవడానికి మాత్రం నమూనా చాలంటారు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకదాన్ని వెనక్కి తీసుకోవాలి. ఊహే చాలు అనుకుంటే సదస్సుకు తాళం వేసి, ఆ డబ్బుతో వేరే పని చూసుకోవచ్చు.

వెబ్‌లో పెట్టినది నిలవదు, పీడీఎఫ్ నిలుస్తుంది అన్నది మరో వాదన. ఇందుకు సాక్ష్యంగా 2013 ఐఎస్‌డబ్ల్యూసీలోనే వచ్చిన ఒక అధ్యయనాన్ని చూపుతారు. 27 నెలలపాటు స్పార్కల్ ప్రశ్నలకు జవాబిచ్చే 427 బహిరంగ కేంద్రాలను గమనిస్తే, నెలలో 99 శాతానికి పైగా సమయం పలికేవి 32.2 శాతమేనని తేలింది. నిజమే, సిగ్గుపడాల్సిందే. అయితే అది సర్వర్లను పోషించలేని బద్ధకం గురించి చెబుతుంది గానీ వెబ్ పేజీల రూపమైన హెచ్‌టీఎంఎల్ గురించి చెప్పదు. వెబ్ తొలిరోజుల పేజీలను, వెబ్ పుట్టిన సెర్న్ పరిశోధన కేంద్రం 2013లో పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టింది; ఇవాళ్టి బ్రౌజరు వాటిని ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. ఆర్‌డీఎఫ్, ఔల్, స్పార్కల్ ప్రమాణ పత్రాలు కూడా వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దగ్గర హెచ్‌టీఎంఎల్‌లోనే ఉన్నాయి. ప్రమాణమే ఆ రూపంలో నిలిచినప్పుడు, దాని మీద రాసిన పదహారు పేజీలు నిలవవా?

అలవాటైపోయింది, అందరూ ఇంతే అన్నవి వాదనలు కావు. అందరూ ఇంతే కూడా కాదు. భౌతిక, గణిత శాస్త్రజ్ఞుల ఆర్కైవ్ భాండాగారం 2023 డిసెంబరు నుంచి లాటెక్ అనే అక్షరకూర్పు పద్ధతిలో వచ్చిన పత్రాలకు హెచ్‌టీఎంఎల్ ప్రతులనూ ఇస్తోంది. తెరను వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే అంధ పాఠకులకు పీడీఎఫ్ గోడలా అడ్డు నిలుస్తుందన్నది అక్కడ ప్రధాన కారణం. సెమాంటిక్ వెబ్ పేరెత్తని సంస్థ ఆ గోడకు తలుపు పెట్టింది.

సదస్సుల వైపు నుంచి కదలిక బొత్తిగా లేదనడం సరికాదు. 2010ల రెండో సగంలో ఐఎస్‌డబ్ల్యూసీ ప్రకటనలు కొన్ని హెచ్‌టీఎంఎల్ సమర్పణకు ఒప్పుకున్నాయి. ఒప్పుకుంటూనే, అది ఎల్‌ఎన్‌సీఎస్ పద్ధతిలో కనిపించాలన్నాయి. ఈత నేర్చుకో, ఒళ్లు తడవకుండా నేర్చుకో అన్నట్టు. పత్రాలను ఆ రూపంలో రాయడానికి రాష్, డోకీలీ వంటి సాధనాలు తయారయ్యాయి; హెచ్‌టీఎంఎల్‌లో అర్థాన్ని పొదిగే ఆర్‌డీఎఫ్‌ఏ ప్రమాణం 2008 నుంచే ఉంది. కావలసింది పెద్ద యంత్రాంగం కాదు. ఫైలు బదులు చిరునామా పంపడం, ప్రతి వాదనకూ ప్రతి పట్టికకూ సొంత చిరునామా ఉండటం, పేజీలకు బదులు మాటలు లెక్కించడం. రచయిత పేరు దాచి సమీక్షించే చోట చిరునామా పేరును బయటపెడుతుంది కాబట్టి సమీక్ష ముగిసేదాకా ఏదో ముసుగు చిరునామా వాడుకోవాలి. కాగితం మీద చదువుకుంటామనేవారు ముద్రించుకోవచ్చు.

చివరి మెట్టు తుది ప్రతి. అంగీకారం పొందిన రచయిత సవరణలు చేసి, లాటెక్ మూలం, పీడీఎఫ్, సంతకం చేసిన హక్కుల పత్రం ప్రచురణకర్తకు అందజేస్తాడు. అసలు బిగింపు ఇక్కడే ఉంది. స్ప్రింగర్ సంపుటం పేరుంటే స్కోపస్ అనే పరిశోధన సూచిక లెక్కలో చేరుతుంది, స్కోపస్‌లో చేరితే ఉద్యోగంలో పదోన్నతి కదులుతుంది. ఆ కట్ట అందుకున్న ప్రచురణకర్త మాత్రం పీడీఎఫ్‌తో ఊరుకోడు. మూలాన్ని ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, విభాగాలు, బొమ్మలు, ఉటంకింపులు విడదీసి, హెచ్‌టీఎంఎల్ అధ్యాయంగా తన వెబ్‌సైట్‌లో పెట్టి, చందాదారులకు అమ్ముకుంటాడు. 2017లో స్ప్రింగర్ నేచర్ తన ప్రచురణల వివరాలను సైగ్రాఫ్ పేరుతో లింక్డ్ డేటాగా కూడా విడుదల చేసింది.