పసుపు మింగిన కారు

మన దేశంలో వైద్యం తెలియని మనిషంటూ వుండడు. తల నొస్తోందని అన్నామో లేదో, శొంఠి గంధం వెయ్యమనేవారొకరు, మిరియాల కషాయం తాగమనేవారొకరు. పాత కారు విషయంలోనూ ఇదే వరస. పొన్నూరు దగ్గరో, భట్టిప్రోలు దగ్గరో ఒక అంబాసిడరు రోడ్డు పక్కన నిలబడి ఆవిరి కక్కుతున్నదంటే చాలు, టీ కొట్టు దగ్గర కూర్చున్నవారంతా లేచివచ్చి దాని నాడి చూస్తారు. "పసుపు పొయ్యండి" అంటాడొకాయన. "కోడిగుడ్డు కొట్టి పొయ్యండి" అంటాడింకొకాయన. "ముందు తడిగుడ్డ వెయ్యండి బాబూ" అంటుంది కొట్టు నడిపే ఆవిడ.

ఇదంతా నవ్వి కొట్టిపారెయ్యవలసిన సంగతి కాదు. ఈ చిట్కాలలో చాలావాటికి గట్టి కారణాలే వున్నాయి.

పసుపునే తీసుకోండి. ఇంజను వేడిని లాగిన నీళ్ళు రేడియేటరులోని సన్నని గొట్టాలలో తిరిగి చల్లబడతాయి. గొట్టానికి చిల్లి పడిందా, నీళ్ళు కారిపోతాయి, ఇంజను కుతకుతలాడుతుంది. అప్పుడు రెండు చెంచాల పసుపు వేస్తే, అందులోని పిండిపదార్థం వేడినీళ్ళలో వుడికి బంకలా తయారై, నీటితోపాటు చిల్లి దగ్గరికి కొట్టుకుపోయి అక్కడ పేరుకుంటుంది. కోడిగుడ్డుదీ అదే దారి. తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఇంజను నీళ్ళ వేడి 80 దాటే వుంటుంది. కారుకు మడి లేదు గనుక రెండూ పనిచేస్తాయి.

ఇక తడిగుడ్డ. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, పాత కార్లలో పెట్రోలు కార్బురేటరు చేరకుండానే దారిలో ఆవిరైపోతుంది. పెట్రోలును తోడే పంపుకు ద్రవాన్ని లాగడం చేతనవునుగాని, ఆవిరిని లాగడం చేతకాదు. పంపు మీద తడిగుడ్డ వేస్తే ఆ చల్లదనానికి ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. మంచినీళ్ళ కూజాకు తడిగుడ్డ చుట్టే ఇల్లాలికి ఈ శాస్త్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

అలాగని వంటింటి తెలివి అన్నిచోట్లా చెల్లదు. బ్యాటరీకి తీగలు బిగించేచోట తెల్లగా, పచ్చగా పూత పేరుకుంటుంది. ఇత్తడి చెంబు అలవాటు కొద్దీ దాన్ని చింతపండుతో తోమేవారున్నారు. చెంబుకు పట్టిన చిలుముకు పులుపు విరుగుడే. కాని బ్యాటరీ మీది పూత పుట్టిందే ఆమ్లం వల్ల. దానికి విరుగుడు వంటసోడా కలిపిన నీళ్ళు. తీగలు వూడదీసి, కడిగి, తుడిచి, ఆరాక బిగించి, పైన కాస్త వాజ్‌లీను రాస్తే సరి.

ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని సామెత. ఇంజన్ల చరిత్రలో ఆముదం నిజంగానే మహావృక్షం. 1909లో ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఇంజను నూనెలో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషులో వున్న పేరు మీదుగానే క్యాస్ట్రాల్ అని పేరుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో విమానాలు ఆముదం పోసుకునే ఎగిరాయి. రెండో యుద్ధం నాడు పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు, మన బస్సులు వెనకాల కొలిమి కట్టుకుని బొగ్గు వాయువుతో నడిచాయి. లేమి నేర్పినంత ఇంజనీరింగు ఏ కాలేజీ నేర్పుతుంది?

అయితే ప్రతి మందుకూ ఒక మోతాదు, ఒక గడువు వుంటాయి. చిట్కాలు చెప్పేవారు మోతాదు చెబుతారుగాని గడువు చెప్పరు.

రేపల్లె దగ్గర పల్లెలో వుండే మా మేనమామగారికి 1968 నాటి అంబాసిడరు వుంది. ఆయన కూతురి పెళ్ళి బాపట్లలో. పెళ్ళికూతురిని ఎక్కించుకుని బయలుదేరిన ఆ బండి చెరుకుపల్లి దాటగానే రేడియేటరు కారి ఆగిపోయింది. ముహూర్తం తరుముకొస్తోంది. మా అత్తయ్య పెళ్ళి సామానులోంచి పసుపు పొట్లం తీసి ఇచ్చింది. అరగంట చల్లారనిచ్చి, మూత తీసి, పసుపు వేసి, పక్క కాలవ నీళ్ళు పోశారు. బండి కదిలింది. ముహూర్తం దక్కింది.

అక్కడితో మేస్త్రీ దగ్గరికి వెళితే కథ కంచికే. కాని మామయ్యకు పసుపు మీద భక్తి కుదిరింది. నాలుగు నెలలపాటు వచ్చినవారికల్లా పసుపు మహాత్మ్యం చెబుతూ, అదే బండిలో తిరిగాడు. ఒక సాయంత్రం అత్తయ్యకు ఆయాసం వస్తే తెనాలి ఆస్పత్రికి బయలుదేరారు. వేమూరు దగ్గర ఇంజను వుడికిపోయి నిలిచిపోయింది. చీకట్లో, ఆయాసపడుతున్న మనిషితో, ముప్పావుగంట రోడ్డు మీద. ఎవరో పుణ్యాత్ముడు ఆటో ఆపాడు గనుక గట్టెక్కారు.

మర్నాడు తెనాలిలో మేస్త్రీ రేడియేటరు విప్పినప్పుడు నేనూ అక్కడే వున్నాను. చిల్లిని మూసిన పసుపే మంచి గొట్టాలనూ మూసేసింది. హెడ్ గాస్కెట్ కాలింది. ఇంజను బోరుకు వచ్చింది.

"పసుపు మంచిదే గదయ్యా!" అన్నాడు మామయ్య.

"మంచిదే బాబాయ్‌గారూ. అమ్మాయిని పెళ్ళికి చేర్చింది పసుపే. నాలుగు నెలలు కడిగించకుండా వుంచింది మీరు" అన్నాడు మేస్త్రీ.

నేను చెప్పదలచుకున్నదీ అంతే. చిట్కా మనల్ని డాక్టరు గుమ్మం దాకా చేర్చడానికే. గుమ్మం చేరాక వెనక్కి తిరిగితే, మేలు చేసిన మందే రోగమవుతుంది.

కొన్నిటికి ఆ మర్యాద కూడా లేదు. గేరుబాక్సులో రంపపు పొట్టు పోస్తే లోపలి అరుపు తగ్గుతుంది. అది మందు కాదు, బండి అమ్మేవాడు కొనేవాడికి చేసే మోసం. వేడిగా వున్న రేడియేటరు మూత తియ్యడం సాహసం కాదు, మొహం కాల్చుకోవడం. బ్రేకులకైతే ఇంటి వైద్యమే లేదు; బండి నెట్టుకుపోవలసిందే.

కాలం మారితే వైద్యమూ మారాలి. పెట్రోలు ట్యాంకుకు చిల్లి పడితే బట్టల సబ్బు అదమడం పాత చిట్కా. పెట్రోలులో సబ్బు కరగదు గనుక అది నిలిచేది. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా బంకులలోకి వచ్చింది. ఇథనాల్ అంటే సారాయిలోని సరుకే. అందులో సబ్బు కొంత కరుగుతుంది. పాత రబ్బరు గొట్టాలూ దానికి తట్టుకోలేవు. ఇక సబ్బును నమ్ముకోక, గొట్టాలు మార్పించుకోవడం మేలు. పెట్రోలు కారుతున్నచోట ప్రయోగాలు చెయ్యడం నిప్పుతో చెలగాటం.

అంబాసిడరు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంట్లో మిగిలిన ఒక్క బండినీ నిలుపుకోవాలంటే ఒక చిన్న పని చెయ్యండి. చిట్కా వాడిన రోజున, ఏం పోశారో, ఎప్పుడు పోశారో ఒక చీటీ మీద రాసి స్టీరింగుకు కట్టండి. మేస్త్రీ చూసి చింపేదాకా దాన్ని విప్పకండి. తెనాలిలో పాత ఇనుప సామానుతో చక్కని విగ్రహాలు చేసే శిల్పులున్నారు. మీ బండి వారి చేతికి చేరడానికి ఇంకా తొందరేమీ లేదు గదా!