జింక మీద బాణం కాదు, చెరువు మీద హక్కు కావాలి

పోస్టు కొంచెం పెద్దది. కోపం రావచ్చు, అయినా చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

కొన్నాళ్ళ నుంచి మన గ్రూపులో ఒకటే ముచ్చట. "జింకకి ఏ విల్లు మంచిది అన్నా?", "కాంపౌండ్ విల్లు తెప్పిస్తే బాణం ఎంత దూరం పోద్ది?" అమెరికా వాళ్ళ వీడియోలు షేర్ చేయడం, కింద గుండె బొమ్మలు పెట్టడం. ఆకుల రంగు బట్టలు, చెట్టు మీద మంచె, చక్రాల విల్లు, పడిపోయిన జింక పక్కన నవ్వుతా ఫొటో. సూటిగా చెప్తున్నా. ఇది మన వేట కాదు. దీంతో మనకి వచ్చేదేం లేదు, పోయేదే ఉంది.

ఆ వీడియోలో మనిషికి చేతిలో లైసెన్సు ఉంటది. ఏ నెలలో వేటాడాలో, ఎన్ని జింకలు కొట్టాలో అక్కడి ప్రభుత్వమే చెప్పి అనుమతిస్తది. ఇక్కడ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది. చంపితేనే వేట అనుకోకండి. ఉచ్చు పెట్టినా, తరిమినా, ఎర వేసినా, చివరికి ప్రయత్నం చేసినా ఆ చట్టం లెక్కలో వేటే. అభయారణ్యం లోపల అయితే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకి తగ్గకుండా జరిమానా. మనలో సగం మంది కానిస్టేబుల్‌కో, బీట్ ఆఫీసర్‌కో చదువుతున్నోళ్ళమే. ఒక్క కేసు పడితే వెరిఫికేషన్‌లో ఏమైతదో నేను చెప్పాలా? ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్ళం మనం. ఒక రీల్ కోసం దాన్ని పారేసుకుందామా?

"వేట మన సంస్కృతి, చదువుకోగానే నువ్వు మారిపోయావ్" అంటారు కొందరు అన్నలు. అన్నా, మా కోయోళ్ళ భూమి పండగకి మగోళ్ళంతా విల్లులు పట్టుకొని అడవికి పోవడం నాకూ తెలుసు. కానీ ఆ వేట ఊరుమ్మడిది. దొరికింది ఇంటింటికీ పంచుకునేది. ఒక్కడే పోయి కొట్టి ఫొటో దిగేది కాదు. జింక తలలు కోసి గోడలకి తగిలించింది మన తాతలు కాదు, తుపాకులతో వచ్చిన దొరలు, జమీందార్లు, రాజులు. అడవి వాళ్ళ చేతుల్లో ఖాళీ అయ్యాక చట్టం వచ్చింది. నింద మాత్రం మన మీద పడింది. ఇప్పుడు మనమే ఆ దొరల ఫొటో దిగి పెడుతుంటే, "చూశారా, అడవిని పాడు చేసేది వీళ్ళే" అనేటోళ్ళకి సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు.

చట్టం మనకి న్యాయం చేసిందని నేను అనట్లేదు. అదే చట్టంలో 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కుని వదిలిపెట్టింది. మనకి ఆ మినహాయింపు లేదు. ఇంకో సంగతి చూడండి. ఆ చట్టంలో 'ఆయుధం' అంటే తుపాకీ ఒక్కటే కాదు. విల్లు బాణాలు, గాలాలు, వలలు, కత్తులు కూడా ఆయుధాలే. అనుమతి లేకుండా వాటితో అభయారణ్యంలోకి పోవద్దంటది. అంటే చేపలు పట్టే మా అమ్మమ్మ గాలం కూడా ఆయుధమే! మా వైపు కిన్నెరసాని రిజర్వాయర్ కాడ జింకల పార్కు ఉంది, పట్నం నుంచి వచ్చి చూసి పోతారు. మా నాన్న చేతిలో వల కనపడితే మాత్రం ఒక ఉద్యోగి గుంజుకొని పోయాడు. కోపం రావాల్సింది ఇక్కడ. వీడియోల మీద పెట్టే ఉషారు ఇక్కడ పెట్టండి.

ఎందుకంటే ఇక్కడ మన చేతిలో కాయితం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం వేట హక్కుని ఇవ్వలేదు, అది స్పష్టంగా రాసే ఉంది. కానీ అదే చట్టం 3(1)(డి)లో నీటి వనరుల్లో చేపల మీద సామూహిక హక్కు ఉంది. అభయారణ్యాలకి కూడా ఆ చట్టం వర్తిస్తది. 1996 పెసా చట్టం ఏజెన్సీలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి ఇవ్వాలంది. ఇన్నేళ్ళయినా మన ఊళ్ళలో ఎంతమందికి ఈ ముక్క తెలుసు? పోడు పట్టా గురించి అడిగినంత గట్టిగా చెరువు గురించి ఎప్పుడన్నా అడిగామా?

సామాన్ల గురించే మాట్లాడాలంటే చెరువు సామాన్ల గురించి మాట్లాడదాం. చక్రాల విల్లుకి పోసే వేలతో తంగూసు వలలు కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు కన్ను చూసి కొనండి, మూడు వేళ్ళు పట్టేంత ఉండాలి. దోమతెర లాంటి వల వేస్తే బొచ్చె, రవ్వు పిల్లలన్నీ ఈ ఏడే ఊడ్చుకుపోతాయ్, వచ్చే ఏడు చెరువులో నీళ్ళే మిగుల్తాయ్. కొర్రమీనుకి గాలం చాలు, ఎర్రలో చిన్న కప్పో కట్టండి. తొలి వానలకి చేప గుడ్లతో ఎదురెక్కే రోజుల్లో వాగులో మావులు పెట్టి దారంతా మూసేయొద్దు. బ్లీచింగ్ పౌడరు, తూటాలు వాడేటోడు మనోడైనా సరే ఊళ్ళో నిలదీయాల్సిందే. మొసళ్ళున్న నీళ్ళలో పొద్దుగూకాక దిగొద్దు.

మరి విల్లు? పారేయమని నేను అనట్లేదు. రాజస్థాన్ అహరి తెగ బిడ్డ లింబా రామ్ వెదురు విల్లుతో పెరిగి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున బాణం వేశాడు. మన పిల్లల్లో ఆ చేయి, ఆ చూపు ఉన్నోళ్ళు లేరా? గురుకులాల్లో, హాస్టళ్ళలో విలువిద్య కోచ్ కావాలని ఐటీడీఏని అడుగుదాం. కాంపౌండ్ విల్లు కావాలంటే మైదానంలో పట్టుకుందాం. పండగనాడు తాతల విల్లు తాతల లాగే పట్టుకుందాం.

సెలవులకి ఊరికి పోయినప్పుడు ఒక పని చేయండి. గ్రామసభలో అటవీ హక్కుల కమిటీని చెరువు కోసం ఫారం-బి పెట్టమనండి. రెండు సాక్ష్యాలు కావాలి. చేపలు పట్టే చోటు చూపించొచ్చు. దరఖాస్తు పెట్టని పెద్దమనుషులు చెప్పింది కాయితం మీద రాస్తే అది కూడా సాక్ష్యమే. రాయడం మనకి వచ్చు కదా, మన అమ్మానాన్నలు కష్టపడి చదివించింది ఇందుకే. పెద్దోళ్ళ దగ్గర కూర్చొని ఏ చెరువులో ఎవరెవరు, ఎన్ని తరాల నుంచి వల వేశారో అడిగి రాయండి. ఆ కాయితం ఫొటో గ్రూపులో పెట్టండి, గుండె బొమ్మ మొదట నేనే పెడతా.