గిట్టకపోవడం వేరు, ద్వేషించడం వేరు

వేసవి సాయంకాలం విశాఖ సముద్రతీరాన ఉక్కపోతకు విసిగిన కళాశాల విద్యార్థి “ఐ హేట్ దిస్ వెదర్” అంటాడు. అతనికి వాతావరణం మీద పగ లేదు. చల్లగాలి వీస్తే ఆ మాటే మరచిపోతాడు. ఇంగ్లీషులో ఇది దోషం కాదు. ‘హేట్’ అన్న పదం ఆ భాషలో తీవ్రమైన ద్వేషానికీ, క్షణికమైన విసుగుకూ కూడ చెల్లుతుంది. చిక్కల్లా దానిని తెలుగు చేయడంలో ఉన్నది. నిఘంటువులోని ‘ద్వేషించు’ను పట్టుకొని “నేను వానను ద్వేషిస్తాను”, “అతడు ఉప్మాను ద్వేషిస్తాడు” అని వ్రాసేవారు నేడు కనిపిస్తున్నారు.

తెలుగులో అయిష్టానికి మెట్లున్నవి. నచ్చదు, పడదు, గిట్టదు, వెగటు, రోత, ఏవగింపు, ద్వేషం — ఇవి పర్యాయపదాలు కావు. అతి తీపి వెగటు; కుళ్ళిన చేప రోత. వాక్యనిర్మాణం కూడ గమనింపదగినది. “నాకు వంకాయ పడదు” అన్నప్పుడు కర్త వంకాయ. మనిషి ‘కు’ ప్రత్యయం చాటున ఒదిగి ఉంటాడు. తప్పు వంకాయదీ కాదు, మనిషిదీ కాదు; ఇద్దరికీ పొత్తు కుదరలేదు, అంతే. చేపల రేవులో బేరగాడు “ఆ ధరకు గిట్టదు” అన్నా భావమదే. ‘గిట్టుబాటు’ కూడ ఆ మాటకు చుట్టమే. ‘ద్వేషించు’ దగ్గర మాత్రం మనిషే కర్త. ఆ పనికి బాధ్యుడూ అతడే. పతంజలి యోగసూత్రాలు ద్వేషాన్ని పంచక్లేశాలలో చేర్చినవి.

ఇది కేవలం పండితుల తగవు కాదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను మతం, భాష, జన్మస్థలం వంటివి చూపి వర్గాల మధ్య శత్రుత్వాన్ని, ద్వేషాన్ని రెచ్చగొట్టడం నేరమంటున్నది. 1933లో ఓడరేవు ప్రారంభమైనది మొదలు, ఉక్కు కర్మాగారం వెలసిన పిమ్మట మరింతగా, పలు భాషలవారు పొట్ట చేతబట్టుకొని వచ్చి స్థిరపడిన నగరం విశాఖ. అక్కడ పొరుగింటి పోపు వాసన గిట్టనివారు ఉండవచ్చు. అది చెప్పుకొని నవ్వుకొనే సంగతి. పొరుగువారినే ద్వేషించడం నవ్వుకొనే సంగతి కాదు.

రెంటికీ ఒకే మాట వాడే జాతికి క్రమంగా రెంటి భేదమూ మరుపున పడుతుంది. ఉప్మా మీద ఖర్చయిపోయిన ‘ద్వేషం’, నిజంగా ద్వేషం రగిలిన నాడు ఎవరి చెవికీ హెచ్చరికగా వినిపించదు. వాన గిట్టదనవచ్చు, ఉప్మా వెగటనవచ్చు. ఆ బరువైన మాటను మాత్రం దాని బరువుకు తగిన చోటికే దాచి ఉంచడం మేలు.