మంచాన పడితే కూలి ఎవరిస్తారు?

పెదకూరపాడు ప్రాంతంలో మిరప కోతలు మొదలైతే ఆడకూలీకి జ్వరం రాకూడదు. వచ్చినా రెండు బిళ్లలు మింగి ముఠాతో పోవాల్సిందే. కౌలు రైతు గతీ అంతే. మనిషి మంచాన పడ్డాడని కౌలు ఆగదు, వడ్డీ ఆగదు.

మందులకైన అప్పు కంటే, పనిలేని రోజుల్లో తిండికి చేసిన అప్పే ఎక్కువైన ఇళ్లు మేము చాలా చూశాం. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బులకు ఆస్పత్రి ఖర్చు భరించింది. మంచిదే. పది రోజుల జ్వరంలో పోయిన కూలి మాటేమిటి?

1948 నాటి ఇఎస్‌ఐ చట్టం కింద ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు రోజుల్లో వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. పొలం కూలీకి ఎందుకు లేదు? "యజమాని ఒకడు కాదు గదా, చందా ఎవరు కడతారు?" అంటారు. భవన నిర్మాణ కార్మికుడికీ రోజుకో యజమానే! అయినా 1996లో కట్టడం ఖర్చుపై సెస్సు వేసి సంక్షేమ నిధి పెట్టేందుకు చట్టాలు చేశారు. మిర్చికి, పత్తికి అలా చేయలేరా?

జబ్బు రోజుల కూలి దానం కాదు, హక్కు. ముఠాలన్నీ కలిసి అడగాలి. అందాకా జ్వరంతో ఉన్న మనిషిని చేనుకు పంపొద్దు.