నల్ల గుర్రం నాడా, తెల్ల గుర్రం కాలు

హైదరాబాద్ పాతబస్తీలో షంషేర్‌గంజ్ దాటి ఫలక్‌నుమా వైపు వెళ్తుంటే తగిలే పేట జహనుమా. అక్కడి పైగా నవాబుల ప్యాలెస్ పేరే ఆ పేటకూ నిలిచిపోయింది. పైగాలు నిజాం కోసం గుర్రపు దళాలను పోషించిన వంశం. ఆ దళాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు పాతబస్తీలో గుర్రమంటే బరాత్‌లో పెళ్లికొడుకును మోసేదే. కాదంటే, 2010లో హోటల్‌గా మారిన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో అతిథులను మెట్లదాకా చేర్చే బగ్గీకి కట్టేది. గుర్రాలు తగ్గాయిగానీ గుర్రం పేరు చెప్పి అమ్మే నమ్మకాలకు మాత్రం ఏ లోటూ రాలేదు.

అందులో ముందు నిలబడేది నల్ల గుర్రం నాడా. ఏలినాటి శని పట్టినవాళ్లు దాన్ని శనివారంనాడు గుమ్మానికి కొట్టాలట. లేదా ఉంగరంగా చేయించి మధ్యవేలికి తొడుక్కోవాలట. కొత్త నాడా పనికిరాదు, గుర్రం తొడిగి అరగదీసినదే కావాలి. ఆన్‌లైన్ దుకాణాల్లో ‘ఒరిజినల్’ అని రాసి మరీ అమ్ముతున్నారు, కొందరైతే సర్టిఫికెట్ కూడా జత చేస్తున్నారు. ఏ ప్రయోగశాలైనా ఆ ముక్కలో ఇనుమెంత, కార్బన్ ఎంత అన్నది తేల్చగలదు. దాన్ని తొడిగిన గుర్రం ఏ రంగుదో ఎలా తేలుస్తుంది? గుర్రం ఒంటి రంగు గిట్ట కింది ఇనుములోకి దిగే దారేదీ లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. బరాత్‌లో అందరూ కోరుకునేది తెల్ల గుర్రం, కానీ తెల్లగా కనిపించే గుర్రాల్లో చాలావరకు పుట్టుతెలుపువి కావు. నల్లగానో ఎర్రగానో పుట్టి, ఒక జన్యువు కారణంగా ఏటేటా వెంట్రుకలు నెరిసి, ఆరేడేళ్లు వచ్చేసరికి తెల్లబడతాయి. తోలు మాత్రం నల్లగానే ఉండిపోతుంది. అంటే మూడో ఏట శనిని తరిమిన గుర్రమే పదో ఏట పెళ్లికొడుకుకు శుభం పలుకుతుందన్నమాట. ఏ పుట్టినరోజుతో దాని నాడాకు మహిమ పోయిందో పంచాంగం చూసి చెప్పగలవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు.

నాడాకు అసలు పని వేరే ఉంది. గిట్ట మన గోరులాంటిదే, కెరటిన్‌తో పెరుగుతుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు. తారురోడ్డు మీద పెరుగుదలకన్నా అరుగుదల ఎక్కువైతే గుర్రం కుంటుతుంది కాబట్టి ఇనుము కొడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పాతది ఊడదీసి, పెరిగిన గిట్టను చెక్కి, ఆకురాయితో చదును చేసి మళ్లీ కొట్టాలి. నాడాలు కొట్టే మన నాల్‌బందులు ఎక్కువగా చల్లటి నాడానే సుత్తితో సరిచేసి బిగిస్తారు. కొలిమిలో కాల్చి కొట్టే పద్ధతి బ్రిటన్ లాంటి చోట్ల బాగా వాడుకలో ఉంది. కాలిన నాడాను పట్టకారుతో పట్టి, చెక్కిన గిట్టకు కొన్ని క్షణాలు అదుముతారు. గుప్పున పొగ లేస్తుంది. చూసేవాళ్లకు ప్రాణం విలవిల్లాడుతుందిగానీ గుర్రం చాలాసార్లు చెవులైనా కదపదు, ఎందుకంటే గిట్ట బయటి పొరలో నరాలు లేవు. ఇనుము ఎక్కడ ఆనిందో, ఎక్కడ ఆనలేదో మాడిన గుర్తు చూపిస్తుంది. ఎత్తుగా ఉన్నచోట మరికాస్త చెక్కుతారు.

షైర్, క్లైడ్స్‌డేల్ వంటి బరువులాగే జాతులకు ఈ పనిలో ఒక చిక్కుంది. వాటికి మోకాలి కిందినుంచి గిట్ట మీదకు పొడుగాటి వెంట్రుకలు కుచ్చుగా జారుతాయి. జుట్టు రెండువందల డిగ్రీలు దాటితే మాడుతుంది, నాడా వేడి అంతకు ఎంతో ఎక్కువ. అందుకే పని తెలిసినవాడు ముందే ఆ కుచ్చును పైకి దువ్వి, తడిగుడ్డో కట్టో చుట్టి బిగిస్తాడు. లేదంటే పక్కనున్న మనిషిచేత పైకి పట్టించుకుంటాడు. ఇందులో మంత్రమేమీ లేదు. అప్పుడు వచ్చే కంపు మాత్రం మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. దిష్టి తీసి ఉప్పు, మిరపకాయలతోపాటు వెంట్రుకలు నిప్పుల్లో వేసినప్పుడు వచ్చేదీ అదే. కెరటిన్‌లో ఉన్న గంధకం కాలితే వచ్చే వాసన అది. గిట్ట కాలినా, జుట్టు కాలినా, ఎవరి కన్నుపడినా పడకపోయినా తేడా ఉండదు.

కాలికుచ్చును కాపాడే తాపత్రయం బ్రిటన్ లాంటి చోట్లా హద్దు దాటింది. పోటీల్లో నిలబెట్టే గుర్రానికి అదే అందం కాబట్టి కత్తెర తగలనివ్వరు. ఆ వెంట్రుకల కింద తడి ఆరదు, చర్మంలో సూక్ష్మమైన పురుగులు చేరి పుళ్లు పడతాయి. మందు చర్మానికి తగలాలంటే కుచ్చు కత్తిరించాలని పశువైద్యులు చెబితే, పరువు పోతుందని యజమానులు వెనకాడతారు. శాస్త్రం పుట్టిన దేశం, మూఢత్వం పుట్టిన దేశం అని విడివిడిగా ఎక్కడా ఉండవు.

నాలుగు కాళ్లూ, ముఖమూ తెల్లగా ఉంటే మనకు పంచకల్యాణి, రాజులు ఎక్కదగిన గుర్రం. ఇంగ్లండులోనో, నాలుగు కాళ్లూ తెలుపైతే కొనవద్దని గుర్రాల బేరగాళ్లు ఆనవాయితీగా చెప్పుకునేవారు, తెల్ల గిట్ట మెత్తనిదన్న అనుమానంతో. గిట్టల గట్టితనం పరీక్షించి చూస్తే రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తల్లి కడుపులో ఉండగా రంగు కణాలు కాళ్ల చివరలదాకా చేరకపోతే అక్కడ తెలుపు మిగులుతుంది, అంతే. అవే కాళ్లు ఒక ఊళ్లో యోగం, ఇంకో ఊళ్లో దోషం ఎలా అయ్యాయన్నది అడగవలసిన ప్రశ్న.

ఇవన్నీ డబ్బుతో పోయే నమ్మకాలు. ప్రాణానికి తగిలేది ఇంకొకటుంది. పులిపిరికి గుర్రం తోక వెంట్రుక బిగించి కడితే రాలిపోతుందన్నది మన ఊళ్లన్నిటా వినే మాట. పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి, చాలావరకు వాటంతటవే ఏడాది రెండేళ్లలో పోతాయి. సన్నటి కాడ ఉన్న బుడిపెకు దారం బిగించినా రక్తం ఆగి రాలుతుంది, దానికి గుర్రమే అక్కర్లేదు. గుర్రం పేడలో మాత్రం ధనుర్వాతం క్రిముల బీజాలు ఉంటాయి. తోకా, కాలికుచ్చూ ఆ పేడలోనే తిరుగుతాయి. అలాంటి వెంట్రుకను తెగిన చర్మానికి బిగించడమంటే జబ్బును పిలిచి పీట వేయడమే.

గుర్రం మనిషిని కాపాడిన మాట అబద్ధమేమీ కాదు. 1890లో బెర్లిన్‌లో శాస్త్రవేత్తలు బేరింగ్, కితసాటో ధనుర్వాతం విషానికి రక్తంలోనే విరుగుడు పుట్టించవచ్చని జంతువులలో చూపించారు. ఆ తర్వాత గుర్రాల రక్తంనుంచి తీసిన సీరం మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల్లో లెక్కలేనంతమందిని బతికించింది. ఇప్పుడు ధనుర్వాతం టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. ఇదే జబ్బుకు మనకన్నా గుర్రం త్వరగా లొంగిపోతుంది. నాడా మేకు ఒక్కటి పక్కదారి పట్టి లోపలి మెత్తటి భాగంలో దిగితే చాలు. దానికీ టీకా ఉంది, బరాత్ గుర్రానికైనా, బగ్గీ గుర్రానికైనా.