సెకనులో పాతికో వంతు

ఒక్క మార్కులో సీటు పోయిందని, వెంట్రుకవాసిలో పతకం జారిపోయిందని తలుపేసుకుని కూర్చున్నారా? అయితే జెమ్మా స్పోఫోర్త్ గురించి తెలుసుకోండి.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని షోరమ్‌లో పుట్టిన ఈతగత్తె ఆమె. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్‌లో దిట్ట. 2007లో క్యాన్సర్‌తో తల్లి పోయింది. ఆ దుఃఖం ఆరకముందే బీజింగ్ ఒలింపిక్స్ వచ్చాయి. 2008లో 100 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానం. కాంస్యానికీ ఆమెకూ మధ్య తేడా 0.04 సెకను. సెకనులో పాతికో వంతు!

బ్యాక్‌స్ట్రోక్‌లో దిమ్మె మీంచి దూకడం ఉండదు. నీళ్లలోనే ఉండి, దిమ్మెకున్న కడ్డీ పట్టుకుని, పాదాలు గోడకు ఆనించి, ఒక్క ఉదుటున వెనక్కి ఎగరాలి. ఆపై చూపంతా పైకే. చేరాల్సిన గోడ కంటికి కనబడదు. గోడకు 5 మీటర్ల ముందు, తలపైన కట్టిన జెండాలు దాటగానే బారలు లెక్కపెట్టుకుంటూ గోడ అందుకోవాలి. ఆ లెక్క పోటీ రోజున పుట్టుకురాదు. చప్పట్లు కొట్టేవాళ్లెవరూ లేని వేళల్లో, మళ్లీ మళ్లీ ఈదితేనే ఒంటబడుతుంది.

జెమ్మా ఆ సాధన వదల్లేదు. 2009 జులైలో రోమ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. అదే 100 మీటర్లలో 58.12 సెకన్లలో స్వర్ణం, దానితోపాటు ప్రపంచ రికార్డు! రెండో స్థానంలో నిలిచిన రష్యా అమ్మాయి అనస్తాసియా జూయెవాకూ ఆమెకూ తేడా 0.06 సెకనే. నిరుడు చేజారిన రెప్పపాటు ఈసారి చేతికందింది.

ఆ ఏడాది రికార్డులన్నీ పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈత సూట్ల చలవేనని పెదవి విరిచినవాళ్లున్నారు. సూట్ల సాయం నిజమే. 2010లో వాటిని నిషేధించారు. అవి లేకుండానే ఆమె అదే ఏడాది బుడాపెస్ట్‌లో యూరప్ చాంపియన్ అయింది. రోమ్ రికార్డును 2017 దాకా ఎవరూ చెరపలేకపోయారు.

2012లో లండన్‌లో, సొంతగడ్డ మీద జరిగిన ఒలింపిక్స్‌లో, అయిదో స్థానం. ఒలింపిక్ పతకం ఆమెకు చివరిదాకా దక్కలేదు. అంతమాత్రాన ప్రపంచ చాంపియన్ కాకుండా పోయిందా? ఒక్క పోటీ మనిషికి తీర్పు చెప్పలేదు. మీ ఒక్క పరీక్షా చెప్పలేదు.

లేవండి! ఎన్ని మార్కులు తగ్గాయో, ఎన్ని సెకన్లు వెనకబడ్డారో కాగితం మీద రాయండి. ఎక్కడ పోయాయో వెతకండి: మొదట్లోనా, మలుపులోనా, చివరి పది మీటర్లలోనా? రేపు పొద్దున్నే అక్కణ్నుంచే పని మొదలుపెట్టండి!