ఈసారి స్టేజీ వద్దు, మెస్ హాలు చాలు



వార్షికోత్సవం అంటే మనకు షామియానా, స్టేజీ, ముందు వరుసలో పెద్దల కుర్చీలు. తొమ్మిదో తరగతిలో నేను ఏకపాత్రాభినయం చేసినప్పుడు మా అమ్మ ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. కుర్చీల వెనకాల షామియానా తాడు పట్టుకుని నిలబడింది. "మాట వినపడిందిరా, మొహం కనపళ్ళేదు" అంది. అప్పట్నుంచీ నాకు స్టేజీ అంటే మనసు విరిగింది.

అందుకే నాదొక కోరిక. ఈసారి పాటలతో నడిచే నాటకం వేద్దాం. గేటు దగ్గర ట్రంకుపెట్టెతో దిగిన కొత్త కుర్రాడితో మొదలుపెట్టి, వరండా, కుళాయిల దగ్గర లైను, స్టడీ అవరు దాటి మెస్ హాల్లో ముగిద్దాం. చూసేవాళ్ళు వాడి వెనకే నడవాలి. చివరికి అతిథులైనా, మా అమ్మైనా నేలమీద ఒకే పంక్తిలో కూర్చోవాలి. కంచం మీద గరిటె మోతే తాళం.

ఇదేం పిచ్చి అనకండి. 2013లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ యూనియన్ స్టేషన్‌లో 'ఇన్విజిబుల్ సిటీస్' అనే సంగీత నాటకం ఇలాగే వేశారు. గాయకులు ప్రయాణికుల మధ్య తిరుగుతూ పాడితే, చూసేవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వెంట తిరిగారు. మనవాళ్ళకు ఇది కొత్తేం కాదు. తమిళనాడు మెలట్టూరులో నరసింహ జయంతికి గుడి ముందు వీధిలోనే తెలుగు 'ప్రహ్లాద చరిత్రము' ఆడతారు. అయితే అది అగ్రహారం వీధి. తెలంగాణలో చిందు కళాకారులు మాదిగవాడల్లో ఆడారు. ఆట ఎక్కడ ఆడితే అక్కడివాళ్ళకే ముందు చోటు దొరుకుతుంది. నాకు నచ్చింది ఈ రెండోదే. ఆ చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది హరికథకురాలు ఉమామహేశ్వరి గారికీ వచ్చింది.

హరికథ అంటే మన ఊరు గుర్తు రావాలి. 1973లో ఇక్కడ పెట్టిన సర్వారాయ హరికథ పాఠశాలలో ఎందరో ఆడపిల్లలు నేర్చుకున్నారు. చిరతలు, గజ్జెలు ఉంటే చాలు, ఒక్క మనిషే కథంతా నడిపిస్తుంది. వాళ్ళలో ఎవరినైనా బతిమాలి గొంతు విప్పడం నేర్చుకుందాం. మెస్ హాల్లో మాట మోగి కలిసిపోతుంది కాబట్టి పాట నిదానంగా సాగాలి.

కుర్చీలు వెయ్యకపోతే పెద్దలు నొచ్చుకుంటారని కొందరంటున్నారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు గోడవారన బల్ల వేద్దాం. అద్దె డబ్బులు మిగిలితే ఆ పూట కోడికూర.

అమ్మకు చెప్పేశాను, గేటు దగ్గరే ఉండమని.